మూసిన బెజ్జం

కడ్డీ రెండు చివరలా ఒక్కో బెజ్జాన్ని ఎవడో వెల్డింగ్ చేసి మూసేశాడు.

మెకానిక్‌కి ఒళ్లు మండింది. పాత సామాన్ల కొట్టంతా గాలించి తెచ్చుకున్న స్వే బార్ అది. వెనక చక్రాల మధ్య దాన్ని బిగిస్తే మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోదు. రెండు చివరలా రెండేసి బెజ్జాలుంటాయి. బయటి బెజ్జంలో బిగిస్తే మెత్తగా పనిచేస్తుంది, లోపలి బెజ్జంలో బిగిస్తే గట్టిగా. ఆ లోపలివే రెండూ మూసి ఉన్నాయి.

మెత్తగా అంటే కుదరదు. కారు అల్లుడిది.

ఒక్కగానొక్క కూతురి భర్త. ఆఫీసు ఉద్యోగం. అతని ముందు మెకానిక్ తన నల్లటి చేతుల్ని వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. పెళ్లయిన ఏడాదికి అల్లుడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. మలుపుల్లో కారు ఊగిపోతోంది, ఏమైనా చేయగలరా అని.

డ్రిల్లింగ్ మిషన్ తీసుకుని ఆ వెల్డింగ్‌ని తొలిచేశాడు. గంట పట్టింది. మూసినవాడెవడో గాని గట్టిగానే మూశాడు.

కారు కింద పడుకుని బోల్టులు బిగిస్తుంటే పక్కన అరిగిన చెప్పుల జత ఒకటి వచ్చి ఆగింది.

బయటికి జరిగి చూశాడు. మాసిన చొక్కా, వారం గడ్డం. ఒక ముసలాయన మోకాళ్ల మీద వంగి కారు కిందికి తొంగి చూస్తున్నాడు.

"ఈ బెజ్జం ఎవరు తెరిచారు?"

"నేనే పెద్దాయనా. ఎవడో బుద్ధిలేనివాడు మూసిపెట్టాడు."

ముసలాయన లేచి వెనక టైర్లని అరచేత్తో తడిమాడు. గుండు గీసినట్టున్నాయి. ఆ షెడ్డు పద్ధతే అంత. కారుని లాగేవి ముందు చక్రాలు కదా, కొత్త టైర్లు ముందుకి, అరిగినవి వెనక్కి. ఇరవై ఏళ్లుగా ఎవరూ కాదన్నది లేదు.

"బయటి బెజ్జంలోకి మార్చు మేస్త్రీ. లేకపోతే వెనక మంచి టైర్లన్నా వెయ్యి. వానలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడంటే వెనక చక్రాలు జారిపోతాయి. ఇక కారు మన మాట వినదు."

మెకానిక్ నవ్వాడు. దారిన పోయే ప్రతివాడూ తనకి పని నేర్పేవాడే. వచ్చిన పనేమిటో చెప్పమన్నాడు. పనేమీ లేదన్నాడు ముసలాయన. అయితే వెలుతురుకి అడ్డం నిలబడొద్దన్నాడు మెకానిక్.

సాయంత్రం అల్లుడు వచ్చి ఒక చుట్టు తిరిగొచ్చాడు. పొడి రోడ్డు. కారు కాస్తయినా ఒరగలేదు, స్టీరింగ్ ఇలా తిప్పితే అలా తిరిగింది. అల్లుడు దిగుతూనే ఆ నల్లటి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మామయ్యగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ."

ఆ మాటని మెకానిక్ ఇంట్లో భార్యకి మూడుసార్లు చెప్పుకున్నాడు.

మర్నాడు ముసలాయన మళ్లీ దిగాడు. చెమటలు కక్కుతూ, ఒకదాని తర్వాత ఒకటి, రెండు టైర్లు దొర్లించుకొచ్చాడు. కొత్తవి కావు గాని మంచి పట్టున్నవి.

ఓహో, అసలు సంగతి ఇదా, అమ్ముకోడానికి వచ్చాడా అనుకున్నాడు మెకానిక్. కారు వెళ్లిపోయిందని చెప్పాడు. ముసలాయన ముఖం పాలిపోయింది. ఫోన్ చేసి పిలిపించమన్నాడు, వానలు పడేలోపు మార్చమన్నాడు.

"నీ కాళ్లు పట్టుకుంటాను మేస్త్రీ."

నలుగురి ముందూ ఇదేం గోలని మెకానిక్ ఆయన్ని రెక్క పట్టుకుని రోడ్డు మీదికి పంపించాడు. టైర్లు మూలన పడి ఉన్నాయి.

పదో రోజున మొదటి వాన పడింది.

వంతెన దిగగానే ఉన్న మలుపులో ఎదురుగా లారీ కనబడింది. అల్లుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. అంతే, కారు బొంగరంలా తిరిగి గోడకి కొట్టుకుంది. పక్కనున్న కూతురికి చెయ్యి విరిగింది. అల్లుడు పోయాడు.

కారుని షెడ్డుకే లాక్కొచ్చారు. మెకానిక్ దాని కింద దూరాడు. అంతా నుజ్జునుజ్జయింది. కడ్డీ మాత్రం చెక్కుచెదరలేదు. బోల్టు లోపలి బెజ్జంలో, తను బిగించిన చోటే ఉంది.

ఇంట్లో కూతురు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజున తండ్రిని అడిగింది.

"నాన్నా, ఆ కారు ఎప్పుడూ అలా తిరగలేదు. నువ్వు ఏం మార్చావు?"

మెకానిక్ తన నల్లటి చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు. అది చూసి కూతురు మళ్లీ గోడవైపు తిరిగింది. ఆమె ఇంకెప్పుడూ తనతో మాట్లాడదని ఆయనకి అర్థమైంది. పోనీ తనూ ఆ కారులో ఉండి పోయినా బాగుండేది అనిపించింది.

లేచి పాత సామాన్ల కొట్టుకి వెళ్లాడు. ఆ ముసలాయన ఎక్కడుంటాడని అడిగాడు. కనబడితే కాళ్ల మీద పడాలని ఉంది. పడి ఏం చెప్పాలో మాత్రం తెలియదు.

"తెలీదు," అన్నాడు కొట్టువాడు. "నెలనెలా వచ్చి ఆ కడ్డీ ఎవరైనా కొన్నారా అని అడిగేవాడు. నువ్వు కొన్నావని నేనే చెప్పాను. నువ్వు వెళ్లగొట్టిన రోజున ఇక్కడికొచ్చి చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్లీ కనబడలేదు."

"అసలు ఎవరాయన?"

"నీలాగే మెకానిక్. పేరున్న మనిషి. ఆ కడ్డీ ఉన్న కారు దెబ్బతిని నా కొట్టుకొచ్చిన రోజున, వెల్డింగ్ సెట్టు అడిగి తీసుకుని ఆ బెజ్జాలు తనే మూశాడు. కడ్డీ పట్టుకుపొమ్మన్నాను. కడ్డీ తప్పేం లేదు, బయటి బెజ్జంలో బిగిస్తే మంచిదే అన్నాడు."

"ఆ కారు ఎవరిది?"

కొట్టువాడు తల దించుకున్నాడు.

"ఆయన కొడుకుది. కొడుకు ముచ్చటపడి అడిగాడని, ఆ కడ్డీని లోపలి బెజ్జంలో బిగించింది ఆయనే."