పేపర్ల పడ్డ దయాకర్

“పేరు పక్కన లాలాపేట్ అని గూడ కొట్టు బిడ్డ.”

సింధూజ కొట్టింది. తెర మీద మొదట లాలాపేట్‌లో అమ్మకానికున్న ఇల్లు వచ్చింది. దాని కింద బంగారం ధర, ఆ కింద దయాకర్ అనే పళ్ల డాక్టరు. తర్వాతి వార్తలో మేషరాశివారికి ఈ వారం వాహనయోగం ఉందన్నారు. సెర్చ్‌కు ఈమధ్య ఇదే రోగం. అడిగింది తప్ప అన్నీ వడ్డిస్తుంది.

“వచ్చిందా?” లింగమ్మ ఊపిరి బిగబట్టి అడిగింది.

“లేదమ్మ.”

“ఇంకా కిందికి పో.”

ఎంత కిందికి పోయినా లేదు. లింగమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, సింధూజ తల నిమిరి, హాస్టల్ మెస్‌లో అంట్లు తోమడానికి వెళ్లిపోయింది.

రెండు నెలలుగా శుక్రవారం శుక్రవారం క్యాంపస్ లైబ్రరీలో ఇదే తంతు. సింధూజ పాత వార్తల మీద పీహెచ్‌డీ చేస్తోందని మెస్‌లో ఎవరో చెబితే, వెతుక్కుంటూ వచ్చింది లింగమ్మ.

“మా దయాకర్ పేపర్ల పడ్డడు బిడ్డ, ఆరేండ్ల కింద. ఫోటో గూడ ఏసిన్రు. బస్తీ బస్తీ చూసిన్రు. ఫోన్ల గూడ వస్తదట గదా, జర చూస్తవా?”

ఆ మాట అంటుంటేనే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. సింధూజకు అర్థమైంది. పదో తరగతిలో తన ఫోటో పేపర్లో పడితే, వాళ్ల నాన్న దానికి లామినేషన్ చేయించి అంబర్‌పేట్‌లో చుట్టాలందరికీ చూపించి వచ్చాడు. పేపర్లో పడటమంటే మాటలా!

“ఒక్కసారే పడ్డదా అమ్మ?”

“ఒక్కసారే. మల్ల రాయున్రని ఆఫీసుకు పోయి బతిమిలాడినం. రాయలే.”

ఆ ఒక్క మాటకే సింధూజ మనసు కరిగిపోయింది. సెర్చ్‌లో పాత వార్తలు ఎట్లా అడుగున పడిపోతున్నాయన్నదే ఆమె పరిశోధన. లెక్కలూ గ్రాఫులూ బోలెడు గీసింది కానీ, ఆ అడుగున ఒక తల్లి ఉంటుందని ఇన్నాళ్లూ తోచలేదు.

ఈ శుక్రవారం లింగమ్మ పొద్దున్నే వచ్చింది.

“సోమవారం మావోనికి ఇంటర్వ్యూ ఉన్నది. నౌకరి ఇచ్చేటోల్లు పేరు కొట్టి చూస్తరట. నిజమేనా బిడ్డ?”

“నిజమే అమ్మ. ఇప్పుడు అందరు చూస్తున్నరు.”

లింగమ్మ ముఖం వాడిపోయింది. సింధూజ ఇంటిపేరుతో కొట్టింది, సంవత్సరంతో కొట్టింది, పత్రిక పేరుతో కొట్టింది. ఇల్లు, బంగారం, పళ్ల డాక్టరు.

“ఎవ్వరు కొట్టినా రాదా?”

“ఎవరు కొట్టినా ఇంతే అమ్మ.”

లింగమ్మ మెల్లగా ఊపిరి వదిలి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి బల్ల మీద పెట్టింది. పని కాకపోయినా పెట్టిన ఆ కాయలను చూసేసరికి సింధూజకు తన చదువు మీదే సిగ్గేసింది. ఇంత చదివి ఈమెకు ఒక్క వార్త వెతికి పెట్టలేకపోయింది.

“ఇట్ల కాదమ్మ. ఆ పేపర్ల నా ఫ్రెండ్ ఉమాపతి ఉన్నడు. పాతయన్నీ వాళ్ల తాన ఉంటయ్. దయాకర్ వార్త మళ్లీ పెట్టిస్త. సోమవారం ఎవరు పేరు కొట్టినా ఫస్ట్ అదే రావాలె.”

ఫోన్ తీసి నంబరు నొక్కబోయింది. లింగమ్మ చెయ్యి గబుక్కున వచ్చి ఫోన్ మీద పడింది.

“వద్దు బిడ్డ. నీ కాళ్లు మొక్కుత.”

“ఎందుకమ్మ? దాని కోసమే కదా ఇన్ని వారాలు తిరిగినవ్?”

లింగమ్మ అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆమె సింధూజ రెండు చేతులూ పట్టుకుంది.

“అండ్ల మావోణ్ని దొంగ అని రాసిన్రు బిడ్డ. కాదని తేలినంక ఆ ముచ్చట రాయలే.”