మరో గరిటె

పామర్రు రైసుమిల్లు కాటా మీద పుల్లయ్య నిలబడగానే బసవయ్యగారు వంగి ముల్లు చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని మళ్లీ చూశారు.

"అరవై దాటాడు మాస్టారూ. కిలో పైనే ఎక్కువున్నాడు."

డ్రిల్లు మాస్టారు తిరుపతిరావుగారు కూడా వంగి ముల్లు చూశారు. విజయవాడ టోర్నమెంటులో అరవై కిలోలు దాటినవాణ్ణి కబడ్డీ ఆడనివ్వరు. జట్టులో మిగిలింది ఒక్క చోటు. దానికి ఇద్దరు పోటీ, పుల్లయ్య, కొండలయ్య. కొండలయ్య పట్టు పడితే విడిపించుకోవడం కష్టమే గానీ, కూతకు వెళ్తే దమ్ము ఒక పిసరు తక్కువ. పుల్లయ్య కూతకు వెళ్తే ఎవణ్ణో ఒకణ్ణి ముట్టుకోకుండా వెనక్కి రాడు. ఈ పొద్దుటిదాకా మాస్టారి మనసులో ఆ చోటు పుల్లయ్యదే.

చోటంటే ఆట ఒక్కటే కాదు. జట్టులో ఉన్నవాళ్లందరినీ పనిలోకి తీసుకుంటామని మంగళగిరి వైపు నూలుమిల్లు వాళ్లు మాటిచ్చారు.

"సాయంత్రం దాకా టైముంది. దుప్పటి కప్పుకుని కాలవగట్టు మీద పరిగెత్తు. చెమట పడితే దిగుతావు" అన్నారు మాస్టారు.

పుల్లయ్య తలూపి వెళ్లాడు. బసవయ్యగారు జట్టుకు మేనేజరు, మాస్టారికి పాత స్నేహితుడు. ఆయనకు కోపం ఆగలేదు.

"ఇదంతా ఆ వంటావిడ చలవే. గరిటె వాడి కంచం దగ్గరికొచ్చేసరికి ఇంక కదలదు. మీరూ చూస్తూనే ఉన్నారుగా."

మాస్టారు చూస్తూనే ఉన్నారు. ఈ కబడ్డీ క్యాంపు మొదట్లో సంపూర్ణమ్మ అందరికీ సమంగానే వడ్డించేది. పుల్లయ్య కూడా బరువు గుర్తుపెట్టుకుని మితంగా తినేవాడు. నూలుమిల్లు ఆఫీసరు వచ్చి వెళ్లాకే అది మారింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కుర్రాళ్లంతా జీతమెంత, సెలవులెన్ని అని ఆయన్ను చుట్టుకున్నారు. కొండలయ్య అన్నీ విని చివరికి ఒక్కటే అడిగాడు.

"పడుకోడానికి గది ఇస్తారాండీ?"

ఇస్తామన్నాడాయన. వడ్డిస్తున్న సంపూర్ణమ్మ వాడి వైపు తిరిగి చూసింది. కొండలయ్యది నాగాయలంక అవతల చేపలు పట్టే కుటుంబం. నవంబరు ఉప్పెన తర్వాత ఆ ఇంటి మనుషుల్లో వాడొక్కడే మిగిలాడు. ఇల్లు అదీ లేదు. అలాగని జాలిపడి ఎవరేమిచ్చినా తీసుకోడు. మాస్టారు కొత్త చొక్కా కొనిస్తే, మడత విప్పకుండానే "నాకున్నాయండీ" అని నవ్వి తిరిగిచ్చేశాడు.

మర్నాటి నుంచి పుల్లయ్య కంచంలో పప్పు మీద నెయ్యి తేలింది. పెరుగులో మీగడంతా వాడికే పడింది. "ఇంకొక్క గరిటె" అనేది సంపూర్ణమ్మ. క్యాంపులో అందరూ ఆమెను పిన్నీ అంటారు. పుల్లయ్య కూడా "చాలు పిన్నీ, చాలు" అనేవాడు. అంటూనే కంచం ఖాళీ చేసేవాడు.

ఆపుదామని మాస్టారు ఒకటి రెండుసార్లు లేచారు కూడా. భార్య పోయాక ఆయనకు వద్దంటున్నా వడ్డించేవాళ్లు లేరు. ఆ దృశ్యం చూడటానికి బాగుండేది. మళ్లీ కూర్చునేవారు.

సాయంత్రం పుల్లయ్య ఒళ్లంతా చెమటతో వచ్చి కాటా ఎక్కాడు. ముల్లు పొద్దుటికంటే పైకి పోయింది.

"ఏం తాగావురా?" అన్నారు బసవయ్యగారు.

"మజ్జిగండీ."

"ఎంత?"

"చెంబుడండీ." కాస్త ఆగి, "పిన్ని రెండో చెంబు కూడా ఇచ్చిందండీ" అన్నాడు.

బసవయ్యగారు గబగబా వంటశాలకు నడిచారు. వెనకే మాస్టారు. సంపూర్ణమ్మ గంగాళం తోముకుంటోంది. ఈ పని ఎవరు చెయ్యమన్నారని నిలదీస్తే, ఎవరూ చెప్పలేదంది. కుర్రాడు ఎండన పడి వచ్చాడు, దాహంగా ఉన్నాడు, పోశాను అంది.

"ఆ కొండలయ్య నీకు చుట్టమా?"

"కాదండీ."

"మరి ఈ పుల్లయ్య ఏం చేశాడమ్మా నిన్ను? పెట్టి పెట్టి వాడి నోటి దగ్గర కూడు తీశావు. వాణ్ణి కన్నతల్లికి ఈ సంగతి తెలిస్తే ఏమంటుంది?"

సంపూర్ణమ్మ తల ఎత్తలేదు.

"ఏమీ అనదులెండి" అంది.

ఆ నిబ్బరానికి బసవయ్యగారు విసవిసా బయటికి నడిచారు.

జట్టు పేర్లు చదివారు. చివరి పేరు కొండలయ్యది. వాడు నేరుగా పుల్లయ్య దగ్గరికి వచ్చి, చోటు నీది, నాకొచ్చింది అన్నాడు. నీ తప్పేముందిరా, నా నాలిక తప్పు అన్నాడు పుల్లయ్య. వాణ్ణి బరిలోకి లాక్కెళ్లి, కూతలో దమ్ము చివరిదాకా ఎలా దాచుకోవాలో చీకటి పడేదాకా చూపించాడు. మధ్యలో ఏదో అంటే కొండలయ్య పగలబడి నవ్వాడు. వాడు అలా నవ్వడం క్యాంపులో అదే మొదలు. మాస్టారు అరుగు మీద కూర్చుని విన్నారు.

మర్నాడు పొద్దున్నే క్యాంపు ఎత్తేశారు. మాస్టారు చివరిసారి వంటశాలలోకి తొంగి చూశారు. పుల్లయ్య గిన్నెలు మూట కట్టడంలో సంపూర్ణమ్మకు సాయం చేస్తున్నాడు.

"మరి నువ్వేం చేస్తావురా ఇప్పుడు?"

"పొలముంది గదండీ. ఇల్లుంది" అన్నాడు పుల్లయ్య.

మాస్టారు వాడి భుజం తట్టి బయటికొచ్చారు. గుమ్మం దిగుతుండగా వెనక గిన్నెల చప్పుడైంది. మూట నెత్తికెత్తుకోబోతున్న సంపూర్ణమ్మ చేతుల్లోంచి దాన్ని లాక్కుని, పుల్లయ్య తన భుజాన వేసుకున్నాడు.

"నాన్న ఎదురుచూస్తుంటాడు, పదవే అమ్మా."