మాస్టారి లైన్

స్క్రీన్ మీద ఎడమ పక్క ఎర్రగా ఒక లైన్. కుడి పక్క పచ్చగా ఇరవై రెండు లైన్లు.

ఎర్ర లైన్ మాస్టారు రాసిన పాత కంప్యూటర్ కోడ్. ఎనిమిదేళ్ల నాటిది. ఆస్పత్రి పిల్లల వార్డులో ఏ బిడ్డకు ఎంత మందు ఇవ్వాలో అదే లెక్క కడుతుంది.

ఆయన నిజంగా మాస్టారేం కాదు. ఆఫీసులో అందరికీ పని నేర్పింది ఆయనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పది లైన్ల పనిని ఒక్క లైన్లో చుట్టి పెడతారని కూడా పేరు.

దాని బదులు పెట్టాలనుకున్న పచ్చ లైన్లు, ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయివి. ఎవరు చదివినా అర్థం కావాలని, ఆ లెక్కనే విడదీసి రాసింది. ఆయన చూసి సరేనంటేనే అది ఆస్పత్రికి వెళుతుంది.

గొడవ తప్పదనుకుంది. సమాధానాలన్నీ సిద్ధం చేసుకుని ఆయన పక్కన కూర్చుంది.

"నా లైన్‌కి ఏమొచ్చిందమ్మాయ్?"

"ఏం రాలేదు మాస్టారూ. అర్థం చేసుకోడానికే నాకు రెండు రోజులు పట్టింది."

"అయిందా మరి?"

"అయింది."

అన్నాక తనకే అనుమానం వచ్చింది.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఎర్ర లైన్ చివర వేలు పెట్టారు.

"ఈ మైనస్ ఏదీ నీ దాంట్లో?"

"అక్కడ తీసేసే అంకె ఎప్పుడూ సున్నాయే వస్తోంది. దేనికిలే అని తీసేశాను. నమూనా బిడ్డల వివరాలిచ్చి లెక్క సరిచూసే టెస్టులన్నీ పాసయ్యాయి."

"సున్నా వచ్చేదాన్ని నేనెందుకు పెడతాను?"

నిజమే. ఎందుకు పెడతారు?

"మీరే చెప్పాలి మాస్టారూ."

ఆయన లైన్‌ని మొదట్నుంచి చదివారు. మళ్లీ చదివారు. మూడోసారి మధ్యలో ఆగిపోయారు.

తనకు పరీక్ష పెడుతున్నారేమో అనుకుందామె. ఆయన మొహం చూస్తే అలానూ లేదు.

"వార్డుకి ఫోన్ చెయ్యి," అన్నారు చివరికి.

ఆమె స్పీకర్ పెట్టి చేసింది. హెడ్ నర్సు ఎత్తింది. ఆ మైనస్ సంగతి విని నవ్వింది.

"నెలలు నిండకుండా పుట్టినవాళ్లుంటారు కదండీ. ఎన్ని వారాలు ముందు పుడితే అన్ని వారాలు వయసులోంచి తీసెయ్యాలి. మాస్టారికి నేనే చెప్పాను. నా బల్ల పక్కనే కూర్చుని, మూడుసార్లు చెప్పించుకుని మరీ రాసుకున్నారు. ఏం మాస్టారూ?"

"అవునవును," అన్నారాయన.

పెళ్లిలో ఎవరో ఆప్యాయంగా పలకరిస్తే, వాళ్లెవరో గుర్తురాని మనిషి అనే "అవునవును" అది.

ఆమె ఫోన్ పెట్టేసింది. టెస్టులు వరసగా చూసుకుంది. వాటిలో నెలలు నిండని బిడ్డ ఒక్కరూ లేరు.

తన లెక్కే ఆస్పత్రికి వెళ్లి ఉంటే, అలాంటి బిడ్డలకు మందు తప్పుగా పడేది.

తప్పెవరిది? చెప్పకుండా చుట్టేసిన ఆయనదా? తెలియకుండా విప్పేసిన తనదా? ఎంత ఆలోచించినా ఎటూ తేలలేదు.

ఇరవై మూడో లైన్ రాసింది. ఆ లైన్ దేనికో దాని పైనే మామూలు మాటల్లో రాసింది. నెలలు నిండని బిడ్డతో ఒక టెస్టు చేర్చింది.

ఆయన నెమ్మదిగా చదివారు. 'సరే' బటన్ నొక్కారు.

"కోపమొచ్చిందా మాస్టారూ?"

"ఇలాంటివి నావి ఇంకా ఎన్నున్నాయి?"

"వంద దాకా ఉంటాయి."

ఆయన కుర్చీ ఆమె బల్ల దగ్గరికి జరుపుకున్నారు.

"రేపట్నుంచి రోజూ కూర్చుందాం అమ్మాయ్. నాకు గుర్తున్నవి ముందు చేద్దాం."