గుమ్మానికి కట్టిన కలబంద

ప్లేగులో గిడ్డమ్మ మొగుడు పోయాక, ఇంకో చావు గడప దాటకూడదని పొరుగింటి సోమక్క ఆమె గుమ్మానికి కలబంద మొక్కను తలకిందులుగా కట్టింది.

“దీనికి నీళ్లు పోయాకు గిడ్డమ్మా. గాలికే బతుకుతాది. వెలుతురు యాడుంటే ఆ పక్కకే తిరుగుతాది” అంది.

నెల తిరిగేసరికి ఆకులన్నీ ఇంట్లోకి, మొగుడు పోయిన మంచం వైపు వంగాయి. అక్కడ కిటికీ లేదు. గిడ్డమ్మ ఇప్పుడు ఆ మంచం మీదే పడుకుంటోంది. పగలు మొక్కను వీధి వైపు తిప్పి కడితే, చీకట్లో తాడు కిర్రుమనేది. ఏడుపు రాని మనిషికి భయమూ రాలేదు.

ఒక రాత్రి మంచం వదిలి పొయ్యి మూలన చాప వేసుకుంది. తాడు చాలాసేపు కిర్రుమని ఆగింది. లేచి దీపం వెలిగించింది. ఆకులు పొయ్యి మూలకు తిరిగి ఉన్నాయి.

గిడ్డమ్మ దీపం ఆర్పి, దానివైపే మొగం పెట్టి పడుకుంది.