కొండ తిరిగిచ్చిన కరెంటు

ఇలా దగ్గరగా జరుగమ్మా, గట్టిగా చెప్పే కథ కాదిది. డ్రైవరు గవర్రాజు బస్సు డిపో గేటు కనబడుతుండగానే నడిరోడ్డు మీద ఆగిపోయింది.

పంచరు కాదు, బ్రేకు కాదు. కరెంటు అయిపోయిందంతే. అది పాత సిటీబస్సే. డీజిల్ ఇంజను పీకేసి మోటారూ బేటరీ బిగించారు. సింహాచలం కొండెక్కి, దిగి, మధ్యలో ఎక్కడా ఛార్జింగు పెట్టకుండా డిపోకి చేరాలి. అదీ పరీక్ష. బరువు కోసం ఇసక బస్తాలెందుకని డిపోవాళ్ళ ఇంటిల్లిపాదినీ ఎక్కించారు, అప్పన్న దర్శనం కూడా అయిపోతుందని. ఆ ఎక్కినవాళ్ళే దిగి, బస్సుని గేటులోకి తోసుకొచ్చారు.

డిపో పెద్దాయన గురునాథరావు మొహం మాడిపోయింది. మార్చే ఖర్చులో సగం బేటరీదేనట. ఈ చిన్న బేటరీతో కొండెక్కి దిగితేనే గిట్టుబాటు. పెద్దది పెట్టేకాడికి కొత్త బస్సే కొనుక్కోవచ్చట. రేపింకొక్కసారి చూస్తాం, అదీ తప్పితే ఈ బస్సునీ దీని జతవాటినీ తుక్కు కింద అమ్మేస్తాం అని తేల్చేశాడు. గవర్రాజు స్టీరింగు మీద చెయ్యి తియ్యలేదు. పెళ్ళైన కొత్తలో చేతికొచ్చిన బస్సది. తుక్కంటే కొలిమే కదా.

మోటారు బిగించిన ఇంజనీరు ఆశాజ్యోతి, చిన్నపిల్ల, కిటికీ దగ్గరికొచ్చి అడిగింది.

“దిగేటప్పుడు న్యూట్రల్ చేశారా గవర్రాజు గారూ?”

“సెయ్యనా మరి? డీజిల్ మిగలొద్దా?”

“ఇందులో డీజిల్ ఏదండీ?”

తోసినవాళ్ళంతా రొప్పుతూనే నవ్వారు. పల్లం కనబడితే గేరు తీసేసి బండిని దొర్లించడం అతని చేతికి అలవాటు. అలా డీజిల్ మిగిల్చి బహుమతి కూడా అందుకున్నాడు. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. దిగేటప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతాయట, అప్పుడు మోటారు కరెంటు తినడం మానేసి బేటరీకి పెడుతుందట. గేరు తీసేస్తే చక్రాలకీ మోటారుకీ సంబంధం తెగిపోతుంది. ఒక్క గేరు చాలు, కొండ మీంచి డిపో దాకా దాన్ని ముట్టుకోవద్దంది.

“కొండ కరెంటిస్తాదా?” అని గవర్రాజు తలూపాడు గానీ, ఇంటికెళ్ళాక పెళ్ళాం చిట్టెమ్మతో, “మనసు ఇంటాదే, సెయ్యి ఇనదు” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డిపోలో కేరేజీ విప్పి, నెత్తళ్ళ చేపల కూరతో చద్దన్నం తిని బస్సెక్కాడు. ముందురోజు ఎక్కినవాళ్ళతో పాటు వెనక సీటులో చిట్టెమ్మ కూర్చుంది. బస్సు కదిలిందో లేదో తెలీలేదు. చెట్లే వెనక్కి నడిచినట్టుంది. ఘాట్ రోడ్డులో పొగలేదు, రొద లేదు. ఎన్నేళ్ళుగానో ఆ కొండెక్కుతున్నవాళ్ళు సంపెంగల వాసన ఆ బస్సులో మొదటిసారి పీల్చారు. ముసలమ్మలు కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూండిపోయారు. బేటరీ ముల్లు మాత్రం దిగుతూ దిగుతూ కొండమీదకొచ్చేసరికి ఎర్రగీతని ఆనుకుంది.

అందరూ దర్శనానికెళ్ళారు. నీసు తిన్నాను, నాను రాను అని గవర్రాజు సీటులోనే ఉండిపోయాడు. అందరూ వచ్చి కూర్చున్నాక గేరు వేశాడు. అప్పుడు చిట్టెమ్మ ముందుకొచ్చి, పసుపు గుడ్డసంచీ ఒకటి గేరు కర్రకి తగిలించింది.

“అక్కడెందుకే?”

“ప్రసాదమయ్యా. కింద పెట్టకూడదు. నీసు సెయ్యి తగలనియ్యకు.”

బస్సు దిగడం మొదలెట్టింది. మొదటి పల్లంలోనే అతని ఎడమచెయ్యి తనంత తానే గేరు మీదకి పోయింది. సంచీని చూసి వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఇంతలో ఆశాజ్యోతి ముల్లు కేసి చూపించింది. ముల్లు లేస్తోంది. గడ్డిపరక నిలబడ్డట్టు మెల్లగా, మలుపు మలుపుకీ లేస్తోంది. తాగిన నీళ్ళు కొండ తిరిగి కక్కుతున్నట్టుంది. వెనకనుంచి ఎవరో “అప్పన్నా” అన్నారు. గవర్రాజు కళ్ళు తుడుచుకోవాలన్నా చేతులు స్టీరింగు వదల్లేదు.

డిపోలోకి ఎవరూ తొయ్యకుండానే వచ్చింది. ఇంకా నాలుగు మైళ్ళు తిరిగే కరెంటు మిగిలే ఉంది. పాత బస్సుల్ని మార్చడానికే ఒప్పుకుంటున్నామన్నాడు గురునాథరావు. ఈరోజు న్యూట్రల్ ఎందుకు చెయ్యలేదని అడిగితే, గవర్రాజు సంచీకి దణ్ణం పెట్టాడు. పెద్దాయన కళ్ళకద్దుకుందామని దోసిలి పట్టాడు కూడాను. చిట్టెమ్మ సంచీని పొట్టకి హత్తుకుని, “ఇంటికాడ దీపం దగ్గరెట్టాకే సార్” అని గబగబా నడిచెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద సడి లేకుండా తిరిగే బస్సుల్ని చూసినప్పుడల్లా ఇది గుర్తు తెచ్చుకో తల్లీ, పదిమందికీ చెప్పు. గవర్రాజు చెవిన మాత్రం వెయ్యకు: ఆ సంచీలో ఉన్నది ప్రసాదం కాదు, పొద్దున్న అతను ఊడ్చి తిన్న నెత్తళ్ళ కేరేజీ.