చెక్కచేపకు తగ్గ కర్ర

“ఆ చెక్కచేపకు ఈ కర్ర పనికిరాదమ్మా.”

ఒక చేతిలో చేప ఆకారంలో చెక్కిన ఎర, ఇంకో చేతిలో కొనబోయే గాలం కర్ర పట్టుకున్న నెల్డా వెనక్కి తిరిగి చూసింది. తెల్లగడ్డం ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

ఆమెకు ఒళ్లు మండింది. మా అలబామాలో గాలాల దుకాణంలోకి ఆడది అడుగు పెడితే చాలు, మగాడన్న ప్రతివాడూ మేష్టారైపోతాడు. కర్ర ఎలా పట్టాలి, దారం ఎలా ముడెయ్యాలి, అడిగినా అడక్కపోయినా పాఠం తప్పదు. నెల్డా చిన్నప్పటినుంచీ ఈ పాఠాలు వినీ వినీ విసిగిపోయింది.

“ఎందుకు పనికిరాదో?” అంది.

“ఇది మరీ బిర్రు. గడ్డిలోంచి బాస్ చేపను ఈడ్చుకురావాలంటే సరే. ఈ చెక్కచేప నీళ్లడుగున తలూపుకుంటూ పోయే రకం. దీని కొక్కేలు సన్నం, చేప మూతికి పైపైనే తగులుకుంటాయి. కర్ర వంగకపోతే మూతి చిరిగి చేప పోతుంది.”

అని, మూలనున్న పాత కర్రల పీపాలోంచి పసుపుపచ్చ ఫైబర్‌గ్లాసు కర్ర ఒకటి తీసి ఊపి చూపించాడు. దాని కొస తోటకూర కాడలా వేలాడింది.

కిటికీ దగ్గర కూర్చుని ఉడకేసిన పల్లీలు తింటున్నవాళ్లు నవ్వారు.

“మా నాన్న జీవితమంతా బిర్రు కర్రతోనే పట్టాడు. ఇది ఆయన ఆఖరుగా చెక్కిన చేప. దీని సంగతి ఆయనకంటే నీకెక్కువ తెలుసా?”

“నాకేం తెలుసమ్మా. ఇది నా మాట కాదు.”

“మరెవరిది? దేవుడొచ్చి చెప్పాడా?”

మళ్లీ నవ్వులు. ముసలాయన మొహం ఎర్రబడింది.

“ఇంతమందిలో చెప్పేది కాదు. ఒక్క నిమిషం బయటికొస్తావా తల్లీ?”

“ఎందుకు? బండిలో ఇంకో నాలుగు కర్రలున్నాయా నాకు అంటగట్టడానికి?”

ఆయన పసుపు కర్రను ఆమె పక్కన గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

“పాపం, మర్యాదస్తుడిలా ఉన్నాడే,” అంది దుకాణం యజమానురాలు మిస్ మోజెల్.

“అందరూ మర్యాదస్తులే మిస్ మోజెల్. మర్యాదగానే ప్రాణం తీస్తారు.”

మామూలుగా నెల్డా ఇంత పెడసరం మనిషి కాదు. తండ్రి హాలిస్ పోయినప్పటినుంచి అలా తయారైంది.

చలికాలంలో ఒక పొద్దున, రైలు వంతెన కింద, పడవలోనే ఆయన గుండె ఆగిపోయింది. ఒంటరిగా వెళ్లిన మనిషి. పక్క పడవలోంచి ఎవరో చూసి ఆయన పడవలోకి దూకాడట. ఆఖరి ఘడియలో పక్కనే ఉన్నాడట. అంబులెన్సు హడావిడిలో అతని పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

నెల్డాకు ఆ మనిషి కావాలి. నాన్న ఏమైనా అన్నాడా? నన్ను తలుచుకున్నాడా? ఈ ఒక్క సంగతి తెలియక ఆమెకు నిద్ర కరువైంది. చర్చిలో అడిగింది. పడవల రేవుల్లో కాగితాలు అంటించింది. శనివారం చేపల కబుర్లు చెప్పే రేడియోలో కూడా చెప్పించింది.

ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ బిర్రు కర్రకే చెక్కచేప కట్టుకుని వంతెన కిందికి పోయింది. నాన్న చెక్కినదానితో ఒక్క చేప పడితే చాలనుకుంది.

పడింది. మంచి పెద్ద బాస్. పడవ దాకా వచ్చి, నీళ్లలోంచి పైకి లేచి ఒక్కసారి తల విదిలించింది. కర్ర వంగలేదు. చెక్కచేప ఎగిరొచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. కొక్కేనికి చేప మూతి తునక అంటుకుని ఉంది.

నెల్డా పడవలో కూర్చుని ఏడ్చింది. చేప పోయినందుకు కొంత, ఆ పెద్దాయనను నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు కొంత.

నేరుగా దుకాణానికి వచ్చింది.

“ఆ పసుపు కర్ర ఇవ్వండి మిస్ మోజెల్. ఆ పెద్దాయన మళ్లీ ఎప్పుడొస్తాడు? తప్పయిందని చెప్పుకోవాలి.”

“ఇంకెక్కడొస్తాడు బంగారం. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి పోతున్నాట్ట, ఎక్కడో పడమటికి. దారిలో చిన్న పనుండి ఆగానన్నాడు. పేరైనా చెప్పలేదు.”

అంతలో కాఫీ కోసం పోలీసు డెప్యూటీ గార్లండ్ లోపలికి వచ్చాడు. నెల్డాతో కలిసి చదువుకున్నవాడు. ఆ పొద్దున హాలిస్‌ను ఒడ్డుకు చేర్చినవాళ్లలో అతనూ ఉన్నాడు.

“ఏం నెల్డా, నీ మనిషి కలిశాడా?”

“నా మనిషెవరు?”

“తెల్లగడ్డం ఆయన. నిన్న మీ ఇంటి దారి అడిగితే, దుకాణంలో ఉంటుందని నేనే ఇటు పంపా.”

“ఆయన పేరేంటి? ఏ ఊరు?”

“నేనడగలేదు. నీకెలాగూ చెప్తాడు కదా అనుకున్నా.”

నెల్డా తల వంచుకుంది. “నేను చెప్పనివ్వలేదు గార్లండ్. కర్రలమ్ముకునేవాడు అనుకుని ఎగతాళి చేశా.”

గార్లండ్ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టాడు.

“అయ్యో నెల్డా, ఆ రోజు పడవలో మీ నాన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయనే, ‘ఈ చెక్కచేప మా నెల్డాకి, దీనికి మాత్రం మెత్త కర్ర పట్టమని చెప్పు’ అంటూ మీ నాన్న కన్నుమూశాట్ట, ఆ మాట నీకు అప్పజెప్పి పోదామనే వచ్చాడు.”