సుందరరామయ్య గారి నాడిపట్టీ

షేర్లు జారడం మొదలై అది నాలుగో రోజు. మదుపు చేసేవాళ్ళందరి మణికట్టుకూ ఉండే నాడిపట్టీలు, ఎవరెంత బెదిరారో ఎప్పటికప్పుడు మార్కెట్టుకు చెప్పేస్తున్నాయి. బెదురు హద్దు దాటినవాళ్ళకు ఇంటినుంచే ఫోన్ చేసి కారణం కనుక్కోవడం ప్రణవి ఉద్యోగం. పెళ్ళై నెల తిరగని ప్రణవికి ఆ పూట మొగుడు చేసిన ఉప్మాలోని ఉండలు కూడా ముద్దొచ్చాయి.

"తేజస్, అదిరింది!" అని వంటింట్లోకి కేకేసి, ఆ పూట జాబితాలో ఉన్న తణుకు నంబరు కలిపింది.

"సుందరరామయ్య గారున్నారాండీ?"

ఓ ముసలావిడ పలికింది. "ఆయన పోయి పదిహేను రోజులమ్మా. ఆయన పట్టీ నిన్న నేను పెట్టుకున్నాను. ఇంకా ఆయన చేతి వాసనే వస్తోంది."

నిన్నటినుంచి మార్కెట్టు ఆవిడ దుఃఖాన్ని భయం కింద లెక్కేస్తోందని ప్రణవికి అర్థమైంది. వేరే చేతికి మారిన పట్టీని వెనక్కి తెప్పించాలన్నది నియమం.

ప్రణవి గొంతు తగ్గించింది. "మామ్మగారూ, పట్టీ ఎవరి చేతికుందో సరిచూసే మిషను ఈ ఫోన్లోనే వింటోంది, పేరొక్కటే అడుగుతుంది. ఆయన పేరు చెప్పేయండి. పట్టీ మీ దగ్గరే ఉండిపోతుంది."

"అయ్యో, ఆయన పేరా! యాభై రెండేళ్ళ కాపురంలో ఎప్పుడైనా నోటితో అన్నానా తల్లీ? 'ఇదిగో' అంటే వచ్చేసేవారు."

"ఒక్కసారి, మామ్మగారూ. లేకపోతే రేపు మనుషులొచ్చి తీసుకుపోతారు."

ఆవిడ సిగ్గుపడుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "సుందర... రామయ్య... గారు" అంది.

మిషను ఒప్పుకుంది. ప్రణవి సంతోషంగా ఆ మాట చెప్పబోయింది.

"ఇన్నాళ్ళకి పిలిచాను," అంది ఆవిడ. "పలకలేదమ్మా."